రెండు దగ్గులు, ఒక కంత

గోదావరి డెల్టా చరిత్ర రాసినవాళ్ళు ఆనకట్ట గురించి రాశారు, కాలవల గురించి రాశారు, తుపానుల గురించీ, వరి పోయి రొయ్య వచ్చిన వైనం గురించీ రాశారు. భద్రిరాజుగారి దగ్గు గురించి మాత్రం ఒక్కరూ రాయలేదు. ఇది క్షమించదగిన లోపం కాదు. భీమవరానికి పదకొండు కిలోమీటర్ల దూరంలో, కాలవ పక్కన, రెండు రొయ్యల చెరువుల మధ్యనున్న ఉమ్మడి గట్టు మీద, పదమూడేళ్ళుగా, ప్రతిరోజూ, పొద్దున్న పావుతక్కువ ఆరింటికి ఆ దగ్గు వినబడుతూ వచ్చింది.

ఒకటి కాదు, రెండు. మొదటిది పొడిగా, తలుపు మీద వేలితో తట్టినట్టు ఉంటుంది. రెండోది కాస్త సాగుతుంది. అది పూర్తవుతూండగా గట్టు అవతలనుంచి ఒక ఆడగొంతు, “ఆయ్, అన్నయ్యగారూ!” అంటుంది. అంతే. పైన మాటలుండవు. ఎవరి చెరువు చుట్టూ వాళ్ళు తిరగడానికి బయల్దేరతారు.

ఆ దగ్గుకు చుట్ట కారణం కాదు, ఆయాసం కారణం కాదు. దానికి అర్థముంది: ‘మగమనిషి గట్టెక్కాడమ్మా; రాత్రి బానే గడిచింది; మా రొయ్యలు క్షేమం, మీవి క్షేమమని తలుస్తాను.’ ఇన్ని మాటలు రోజూ అనాలంటే ఎవరికి ఓపిక? అందుకని రెండు దగ్గులు. ఇక ‘ఆయ్’ అన్నదాంట్లో ఈ ప్రాంతంవాళ్ళు ఇమడ్చలేని భావం లేదు గనక జవాబుకు అదొక్కటి చాలు.

దగ్గు భద్రిరాజుది. వయసు అరవై మూడు. మనిషి సన్నం, పంచె తెలుపు, చెప్పులు ఎప్పుడూ బురద. కుదురు అనే పదార్థాన్ని ఆయన ఒంట్లో వెయ్యడం బ్రహ్మ మరిచిపోయాడు. పెళ్ళిళ్ళలో బంతి మధ్యలో లేచి, సాంబారు బకెట్టు అందుకుని, తనకు తనే వడ్డించుకున్న చరిత్ర ఉంది. సెలూన్ బుల్లియ్య ఆయనకు గడ్డం గీస్తాడని ఊళ్ళో అనుకుంటారు గానీ అది సరికాదు. బుల్లియ్య కత్తి పట్టుకుని ఆ గడ్డం ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్తాడు. భార్య ఇంద్రజ ముప్ఫయ్యెనిమిదేళ్ళ కాపురంలో ఎక్కువసార్లు పలికిన మాట “కూర్చోండి”. తక్కువ ఫలితమిచ్చిన మాట కూడా అదే.

ఇలాంటి మనిషికి రొయ్యల చెరువు భగవంతుడిచ్చిన వరం. దాని చుట్టూ తిరగవచ్చు. మేత తిన్నాయో లేదో చెక్ ట్రే పైకిలాగి చూడవచ్చు, అనుమానమొచ్చి మళ్ళీ లాగవచ్చు. నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటరు చక్రాలు తిరుగుతున్నా, తిరుగుతున్నాయని నిర్ధారించుకోవడానికి ఇంకో చుట్టు వెయ్యవచ్చు. ఎవరూ ఏమీ అనరు. పైగా కష్టపడే మనిషని పేరొస్తుంది.

ఆ వరానికి కిందటేడు గండం వచ్చింది. తెల్లమచ్చ తెగులు తగిలి, నలభై ఒకటో రోజున పంటంతా చచ్చి తేలింది. భీమవరంలో ఐస్ ఫ్యాక్టరీ చూసుకుంటున్న కొడుకు రవితేజ వచ్చి, గట్టు మీద తండ్రి పక్కన నిలబడి, మెల్లగా అన్నాడు:

“నాన్నగారూ, ఇంకొక్క పంట చూద్దామండి. అదీ పోతే లీజుకిచ్చేద్దాం. మీరు హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు.”

“ఆయ్,” అన్నాడు భద్రిరాజు. మాట ఇచ్చేశాడు. ఇచ్చాక తెలిసింది, తను ఒప్పుకున్నది లీజుకు కాదనీ, కూర్చోడానికనీ.

ఆ ఇంకొక్క పంటకే ఈ ఏడు అరవై రెండో రోజు నడుస్తోంది.

ఇక ఆడగొంతు సూర్యావతిది. వయసు యాభై అయిదు దాటింది. భర్త పోయి ఏడేళ్ళు; ఆయనున్న రోజుల్లోనూ పొద్దున్నే చెరువు చుట్టూ తిరిగేది ఆవిడే. పక్క చెరువు ఆవిడే చూసుకుంటుంది, ఒక్క ఏడు కూడా ఎవరినీ సలహా అడగకుండా చూసుకుంటుంది. భద్రిరాజుకు ఏదో వరసలో చెల్లెలవుతుంది. ఆ వరస నిరూపించాలంటే ఒక మధ్యాహ్నమంతా పడుతుంది గనక ఇద్దరూ నిరూపణ మానేసి ఫలితం ఉంచుకున్నారు.

రెండు చెరువుల మధ్య గట్టు పొడుగునా మోకాలెత్తున నీలం వల కట్టి ఉంటుంది. పీతలు ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి నడిచిపోకుండా అది కంచె. పీతకు తెగులు తగిలినా చావదు. మోసుకుపోయి పక్కింట ఇచ్చి వస్తుంది. అందుకని ఆ వల. పదమూడేళ్ళ కిందట దాన్ని సూర్యావతి భర్తా భద్రిరాజూ కలిసి కట్టారు. గుంజలు ఈయనవి, వల వాళ్ళది, ముడులు ఇద్దరివీ. ప్రతి గుంజకూ ఇటునుంచి ఒక ముడి, అటునుంచి ఒక ముడి. ఎక్కడ ఊడినా ఇద్దరూ వచ్చి చెరో ముడీ వేస్తారు. ఒక్కరే వెళ్ళి కట్టుకుంటే రెండోవాళ్ళను లేనట్టు చూసినట్టవుతుంది. ఈ సంగతి ఏ కాగితం మీదా లేదు. అందుకే దాన్ని ఇంతవరకూ ఎవరూ మీరలేదు.

రోహిణి కార్తెలో ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. గట్టు మీద ఒక కొబ్బరిచెట్టుంది. మొదలు భద్రిరాజు వైపు, తల సూర్యావతి వైపు. దాని మట్ట ఒకటి ఊడి వల మీద పడింది. రెండు గుంజలు విరిగాయి. మూడు మూరల కంత పడింది.

మర్నాడు పావుతక్కువ ఆరింటికి భద్రిరాజు గట్టెక్కాడు. కంత చూశాడు. నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి ఏమీ రాలేదు. అరవై రెండు రోజుల పంట, మూడు మూరల కంత, కొడుక్కిచ్చిన మాట, ఈ మూడూ ఒక్కసారి గొంతుకడ్డం పడ్డాయి. కంత వంక చూశాడు, కంతలోంచి అవతలి చెరువు వంక చూశాడు, చెక్ ట్రే దగ్గరకు పరిగెత్తాడు.

మోటారు షెడ్డు పక్కన నిలబడి సూర్యావతి ఇదంతా చూసింది. నోటిదాకా వచ్చిన ‘ఆయ్’ని అక్కడే ఆపుకుని, రావలసిన రెండు దగ్గుల కోసం ఎదురుచూసింది. రాలేదు. పదమూడేళ్ళలో మొదటిసారి రాలేదు.

ఏడింటికి భద్రిరాజు మళ్ళీ వచ్చి, “వల పడిందమ్మా,” అన్నాడు.

“చూశానండి,” అంది సూర్యావతి. “తమరు ఎలా సెలవిస్తే అలాగే.”

భద్రిరాజుకు కాళ్ళ కింద గట్టు కదిలినట్టయింది.

ఇక్కడ పైప్రాంతాల పాఠకులకు ఒక విషయం మనవి చెయ్యాలి. లోకంలో తగువొస్తే గౌరవం తగ్గుతుంది. మీరు కాస్తా నువ్వవుతుంది, ఆ తర్వాత ఏమవుతుందో రాయకూడదు. భీమవరం చుట్టుపక్కల రాజుల ఇళ్ళల్లో మాత్రం తగువొస్తే గౌరవం పెరుగుతుంది. అన్నయ్యగారు భద్రిరాజుగారవుతాడు, భద్రిరాజుగారు తమరవుతాడు. తమరు దాటాక ఇక కోర్టే.

ఆయన ఇంటికెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడి, కదిలి, మళ్ళీ నిలబడ్డాడు.

“తమరు అంది.”

“ఎవరండీ?”

“సూర్యావతి. నన్ను. తమరు అంది!”

ఇంద్రజ గరిటె ఆపింది. “అంతకుముందు మీరేమన్నారు?”

“నేనేమీ అనలేదు.”

“అయితే అదే అయ్యుంటుంది.”

“ఏమీ అనకపోతే ఏంటే కోపం?”

“నాకేం తెలుసండీ. కూర్చోండి, టిఫిన్ పెడతాను.”

ఆయన కూర్చోలేదు. ఆమె చెప్పింది అక్షరాలా నిజమని ఆయనకు తెలియడానికి ఇంకా తొమ్మిది రోజులుంది.

మర్నాడు ఆయన దగ్గబోయి ఆగాడు. తమరు అన్న మనిషి ముందు దగ్గడం చనువవుతుంది. కనక చేతులు జోడించి, “నమస్కారమండి,” అన్నాడు.

“నమస్కారమండి. దయచెయ్యండి,” అంది అవతలి గట్టు.

“వల సంగతి... తమరు ఎప్పుడంటే అప్పుడు.”

“అయ్యో, పెద్దవారు, తమరే ముందు మొదలెట్టాలండి.”

“ఎంతమాట, వల తమరిదండి. తమరు చెయ్యి వేశాకే నేను.”

“గుంజలు తమరివి కదండీ. గుంజ లేకుండా వలేం నిలబడుతుందండి.”

ఈ విధంగా ఉభయపక్షాలూ ఒకరినొకరు ముందుకు నెట్టుకుంటూ ఎక్కడివాళ్ళక్కడే ఉండిపోయారు.

రెండు చెరువులకూ కాపలా చిట్టియ్యే. అరవయ్యేళ్ళవాడు, పుట్టింది చేపల వేటకెళ్ళే ఇంట్లో, ఈ నీళ్ళల్లో ఉన్న జీవాలన్నీ ముఖపరిచయమే. అతనికి ఈ మర్యాద అర్థం కాలేదు.

“రాజుగారండీ, గంట పని లేదండి. రెండు గుంజలు, నాలుగు ముడులు. నేను కట్టేసెయ్యనా అండి?”

“ఎవరి తరఫున కడతావు చిట్టియ్యా?”

“తరఫేంటండీ, తాడుతో కడతానండి.”

చిట్టియ్య సూర్యావతి దగ్గరకు వెళ్ళి అదే అడిగితే అక్కడా అదే ప్రశ్న ఎదురైంది. చివరికి అతనే ఒక ఏర్పాటు చేశాడు. పొద్దుగూకగానే పాత మేత సంచుల్లో మట్టి నింపి కంతకు అడ్డం పెట్టడం, తెల్లారి రాజుగారు గట్టెక్కేలోపల తీసెయ్యడం. పగలు కూడా ఉంచెయ్యవచ్చు కదా అనిపించవచ్చు. ఉంచకూడదు. చీకట్లో పెట్టినవి సంచులు. వెలుతురులో ఉంటే అది గోడ. గోడ ఎవరు పెట్టారన్న ప్రశ్న వస్తుంది. కనక సంచుల సంగతి ఇద్దరికీ తెలిసినా ఇద్దరూ తెలియనట్టే ఉన్నారు.

మరి పగలు పీత వస్తే? మూడో రోజు భద్రిరాజు ఒక ప్లాస్టిక్ కుర్చీ, గొడుగు, చేతికర్ర తెచ్చి కంతకు ఇటు పక్కన వేయించాడు. గంటలో అటు పక్కన ఇంకో కుర్చీ, ఇంకో గొడుగు వచ్చాయి. మధ్యన మూడు మూరల నేల. ఒకరి చెరువులోని పీత ఇంకొకరి చెరువులోకి పోకుండా, ఒకరికెదురుగా ఒకరు, పరమ గౌరవంగా కాపలా.

అసలు బాధ అక్కడ మొదలైంది. భద్రిరాజు రెండు నిమిషాల కంటే కుర్చీలో ఉండలేడు. లేస్తాడు, కర్రతో గట్టు గీస్తాడు, చెరువు వంక చూస్తాడు, కూర్చుంటాడు. కూర్చుని మోకాలు ఊపుతాడు. ఊపి ఊపి మళ్ళీ లేస్తాడు. పెద్దవాళ్ళు నిలబడి ఉంటే కూర్చోకూడదు గనక ఆయన లేచినప్పుడల్లా సూర్యావతీ లేస్తుంది. ఆయన కూర్చున్నాక కూర్చుంటుంది.

“తమరు కూర్చోండి, నాకలవాటు,” అంటాడాయన.

“అబ్బే, తమరు నిలబడితే నేనెలా కూర్చుంటానండి,” అంటుందావిడ, మోకాలు పట్టుకుని.

రోజుకు ఇది ఎన్నిసార్లు జరిగిందో చెరువు మీద వాలే కొంగలకు తెలియాలి.

మధ్యలో ఒకసారి కంతలో ఏదో కదిలింది. ఇద్దరూ కర్రలెత్తారు.

“కప్పండి,” అన్నాడు భద్రిరాజు.

“కప్పేనండి. తమరి వైపుకే వస్తోందండి.”

“రానివ్వండి. తమరు పంపించింది కాదనకూడదు.”

చిట్టియ్య తువ్వాలు నోటికడ్డం పెట్టుకున్నాడు.

నాలుగో రోజు సూర్యావతి గ్లాసుడు మజ్జిగ పంపింది. చెయ్యి చాపితే అందే దూరం. అయినా చిట్టియ్య చేత పంపింది. పుచ్చుకుంటే తగ్గినట్టు, మానేస్తే తప్పు. భద్రిరాజు పుచ్చుకుని, పక్కన పెట్టుకుని, బదులుగా చక్రకేళీ అరటిపళ్ళు పంపాడు. ఆవిడ పుచ్చుకుని, పక్కన పెట్టుకుని, మర్నాడు ఆత్రేయపురం పూతరేకులు పంపింది. తినకుండా పక్కన పెట్టినవన్నీ సాయంత్రానికి చిట్టియ్యవి అయ్యేవి. ఈ తగువు అతని ఒంటికి పట్టింది.

ఆరో రోజున నవ్వు ఆగిపోయింది. కాలవ కింద, రెండు చెరువుల అవతల చంద్రరావుగారి చెరువులో తెల్లమచ్చ కనబడిందని చిట్టియ్య కబురు తెచ్చాడు. పొద్దున్నుంచీ రొయ్యలు నీరసించి గట్టువారకు వచ్చేస్తున్నాయట. పట్టుబడికి, అంటే ఉన్నకాడికి రొయ్యలు పట్టేసుకోడానికి, వలలు దించుతున్నారట.

ఆ సాయంత్రం భద్రిరాజు చెక్ ట్రే పదకొండుసార్లు లాగాడు. ఒక్కొక్క రొయ్యనూ వెలుతురుకెత్తి చూశాడు. మచ్చ లేదు. మచ్చ లేకపోవడం ఆయన్ను ఇంకా కలవరపెట్టింది, ఎక్కడో ఉండి కనబడ్డం లేదని. మర్నాడు ఫోన్ మోగింది.

“నాన్నగారూ, చంద్రరావుగారిది పోయిందంట కదండీ. మనవి ఎలా ఉన్నాయి?”

“బానే ఉన్నాయి.”

“ఎందుకైనా మంచిది, లీజు వాళ్ళకి ఓ మాట చెప్పి ఉంచమంటారా?”

“చెరువు దగ్గర సిగ్నల్ లేదబ్బాయ్,” అని నిండు సిగ్నల్లో నిలబడి ఫోన్ పెట్టేశాడు.

రాత్రి నిద్ర లేదు, పగలు తిండి లేదు. కుర్చీ కాళ్ళు గట్టులో జానెడు దిగబడ్డాయి. కంత పూడ్చడానికి తను సిద్ధం. అవతలి మనిషీ సిద్ధమే. ఇద్దరూ ఇంత సిద్ధంగా ఉన్నాక పని ఎలా జరుగుతుందో ఆయనకు తోచలేదు. ఒకమాట అడిగేద్దామనుకుంటాడు: ‘అమ్మా, నేనేం తప్పు చేశాను?’ నోరు తెరిస్తే “నమస్కారమండి” వస్తుంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం సూర్యావతి జంతికలు పంపింది. ఆకలి మర్యాదను గెలిచింది. భద్రిరాజు ఒకటి విరిచి నోట్లో వేసుకుని, నములుతూనే లేవబోయాడు. పొలమారింది.

దగ్గాడు. మొదటిది పొడిగా, చిన్నగా. రెండోది సాగింది.

“ఆయ్, అన్నయ్యగారూ!”

అన్నది సూర్యావతే. అనాలని అనలేదు, పదమూడేళ్ళ అలవాటు నోరు పట్టుకుని అనిపించింది. ఏరియేటర్లు తప్ప ఏదీ కదల్లేదు. భద్రిరాజు కళ్ళనిండా నీళ్ళు. జంతిక వల్లే.

“నీళ్ళు తాగండి, తాగండి. ఎవరో తలుచుకుంటున్నారు,” అంటూ ఆవిడ చెంబు తీసుకుని కంతలోంచే ఇవతలికి వచ్చేసింది, చిట్టియ్యను పిలవకుండా.

“ఎవరు తలుచుకుంటారమ్మా, మావాడే. లీజు కోసం.”

“లీజేంటండి?”

చెప్పాడు. ఇచ్చిన మాట చెప్పాడు, చంద్రరావు చెరువు కబురు విన్నాక పట్టుకున్న భయం చెప్పాడు. చెబుతూ అటూ ఇటూ తిరిగాడు.

“చెరువిచ్చేసి మీరేం చేస్తారంట?”

“కూర్చోవాలంట.”

“ఎవరూ, మీరా?” సూర్యావతి ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసింది. “వారం రోజుల్నించి మీకెదురుగా కూర్చుందామని చూస్తున్నానండీ. మోకాళ్ళు అరిగిపోయాయి నాకు. ఆ కుర్రాడికేం తెలుసు? ఒక్కపూట మీ ఎదురుగా కుర్చీ వేసి కూర్చోమనండి, తెలిసొస్తుంది.”

భద్రిరాజు నవ్వబోయి, మళ్ళీ దగ్గాడు.

“అయినా అన్నయ్యగారూ, ఆవేళ పొద్దున్న దగ్గలేదేంటి?”

“ఏవేళ?”

“గాలొచ్చిన మర్నాడు. కంత చూశారు, మా చెరువు వంక చూశారు, చక్కా వెళ్ళిపోయారు. మట్ట మా వైపు నుంచి పడింది కదా, తెగులొస్తే నా నెత్తిన పెడతారనుకున్నాను. మనిషి దగ్గు కూడా మానేశాడంటే ఇంక నేను అన్నయ్యగారూ అని ఎలా అంటానండి?”

“నేను దగ్గలేదా?”

“లేదు.”

ఆయన చాలాసేపు ఆలోచించాడు. నిలబడే ఆలోచించాడు. “మర్చిపోయానమ్మా,” అన్నాడు చివరికి. “భయంలో మర్చిపోయాను.”

“చిట్టియ్యా! గుంజలు పట్రా!” అని కేకేసింది సూర్యావతి.

గుంజలు షెడ్డు వెనకాల చెక్కి సిద్ధంగా ఉన్నాయి. తొమ్మిది రోజులుగా ఉన్నాయి. చిట్టియ్య పాతాడు. ఇటునుంచి రెండు ముడులు ఆయన వేశాడు, అటునుంచి రెండు ఆవిడ వేసింది. మొత్తం పద్దెనిమిది నిమిషాలు పట్టింది. అందులో నాలుగు నిమిషాలు, ఎవరు ముందు ముడి వెయ్యాలన్న దాని మీద పోయాయి.

ఆ తర్వాత ఇరవై రోజులు పొద్దున్నే రెండు దగ్గులు వినబడ్డాయి, ఆయ్ వినబడింది. తెల్లమచ్చ కాలవ వెంబడి ఇంకో రెండు చెరువులు తిరిగింది గానీ ఈ గట్టుకు రాలేదు. తొంభై ఒకటో రోజున భద్రిరాజు చెరువులో పట్టుబడి జరిగింది. ఐస్ లారీ వెంట రవితేజ వచ్చాడు. వలల్లో ఎగిరెగిరి పడుతున్న రొయ్యలు చూశాడు. గట్టు మీద చుట్టూ తిరుగుతున్న తండ్రిని చూశాడు. లీజు ఊసెత్తలేదు.

“నాన్నగారూ, వచ్చే పంటకి సీడ్ ఎప్పటికి బుక్ చెయ్యమంటారు?” అన్నాడు.

భద్రిరాజు ఆగాడు. అది చూసి ఐస్ దించుతున్నవాళ్ళు కూడా ఆగారు. ఆయన కొడుకును కొత్త గుంజల దగ్గరకు తీసుకెళ్ళి, తొమ్మిది దినాల రక్షణ గాథ మొదలుపెట్టాడు. కుర్చీలెక్కడ, గొడుగులెక్కడ, ఎండెంత, కర్ర ఎలా పట్టుకున్నదీ. అవతలినుంచి సూర్యావతి అవసరమైన చోట్ల ఆయ్ అంటూ బలపరిచింది. కాపలా లేకపోతే రెండు చెరువులూ ఏమయ్యేవో ఇద్దరూ చెరో పక్కనుంచి చెప్పారు.

“పగలంతా మేమున్నాం. రాత్రిపూట సంచులు,” అన్నాడు భద్రిరాజు. “ఏం చిట్టియ్యా, సంచుల దగ్గర పీతలేమైనా దొరికాయా?”

“దొరికాయండి. ఏడండి. మా ఇంటిది కూర వండిందండి.”

“చూశావా అబ్బాయ్! ఏడు!”

ఏడు పీతలూ సూర్యావతి చెరువుకు పోబోతూ, సంచులకు భద్రిరాజు చెరువు వైపే దొరికాయి.